మన సీమ జైళ్లు కిక్కిరిసిపోతున్నాయి. కొత్తవి కట్టించమని అడగాలా, ఇంకేదైనా దారి ఉందా?

పెన్నాతీరం (కడప):

అందరికీ నమస్తే. మా పెద్దమ్మ కొడుకు ఒక కొట్లాట కేసులో రిమాండ్‌లో ఉన్నాడు. కేసు గురించి ఇక్కడ మాట్లాడను, తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది. నేను అడుగుతున్నది వాణ్ణి పెట్టిన సబ్ జైలు గురించి. ములాఖత్‌కి పోయినప్పుడు వాడు చెప్పింది విని మా పెద్దమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. రాత్రి అందరూ వెల్లకిలా పడుకోవడానికి చోటు చాలదట, పక్కకు తిరిగి ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్లు వచ్చేలా సర్దుకుంటారట, మధ్యలో ఎవరైనా లేచి వెళ్తే తిరిగొచ్చేసరికి ఆ చోటు పూడిపోతుందట. మరుగుదొడ్డి బ్యారక్‌లోనే ఒక మూల, దానికి సగం ఎత్తు గోడ, కొత్తగా వచ్చినవాడి పడక దాని పక్కనే. నీళ్లు వచ్చినప్పుడే బకెట్లు నింపి పెట్టుకోవాలి. జాలీకి చెయ్యి ఆనించి వేళ్ల సందుల్లో గజ్జి చూపించాడు. మందు ఇచ్చారంట, కానీ పక్కన పడుకున్న పదిమందికీ అదే ఉన్నప్పుడు ఒక్కడు పూసుకుంటే ఏం తగ్గుతుంది?

ములాఖత్ కూడా మాట్లాడుకున్నట్టు ఉండదు. జాలీకి ఇవతల మేము, అవతల వాళ్లు, అందరూ ఒకేసారి అరుస్తుంటారు. లాయర్ ఏం చెప్పాడో సగం చెప్పేలోపే టైం అయిపోయిందంటారు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టారు. నంద్యాల, అన్నమయ్య, శ్రీ సత్యసాయి జిల్లాలు వచ్చాయి, కొత్త కలెక్టర్లు, కొత్త ఎస్పీలు వచ్చారు. కర్నూలు జిల్లా ఒక్కటే తీసుకుంటే 2001 లెక్కల్లో 35 లక్షల జనం, 2011కే 40 లక్షలు దాటింది. జైళ్లు మాత్రం చాలావరకు అవే పాతవి. ఒక జైల్లో ఎంతమందిని పెట్టాలన్న లెక్క ఎవరు వేస్తారు? అది దాటితే అడిగేవాళ్లు ఉన్నారా? కొత్త జైలు కట్టించమని ఎమ్మెల్యేకి అర్జీ ఇద్దామని మా వీధిలో కొందరు అంటున్నారు, దానివల్ల ఉపయోగం ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.


పాత వార్డర్ (రిటైర్డ్):

అమ్మా, నేను ఈ శాఖలోనే పనిచేసి రిటైరయ్యాను. నువ్వు రాసిందాంట్లో అతిశయోక్తి ఏమీ లేదు. సబ్ జైళ్లు చాలావరకు తాలూకా కచేరీ, కోర్టు, ట్రెజరీ ఒక్కచోట ఉండే కాలంలో కట్టినవి. నాలుగు గోడలు, ఒక గేటు, రెండు మూడు గదులు, ఒక వంటగది. అప్పట్లో వచ్చేవాళ్లే తక్కువ. ఇప్పుడు ఒక్క పండగ రోజు గొడవ జరిగిందంటే ఇరవైమందిని ఒకేసారి తెచ్చి దించుతారు, కోర్టు వారెంట్ చేతిలో పెట్టాక చోటు లేదని వెనక్కి పంపే అధికారం జైలర్‌కి లేదు.

కెపాసిటీ అంటే గోడ మీద రాసిన అంకె ఒకటి, నిజంగా వాడుకోగలిగే చోటు ఇంకొకటి. ఇది బయటివాళ్లకు తెలీదు. యాభైమందికి అని రాసి ఉంటుంది. అందులో ఒక గది ఆడవాళ్లకు వదలాలి, ఒక్క మనిషే ఉన్నా సరే. టీబీ ఉన్నవాణ్ణి విడిగా పెట్టాలి. మన సీమలో ఇంకోటి ఉంది, ఒకే ఊరి కొట్లాటలో రెండు వర్గాలవాళ్లూ లోపలికొస్తారు, వాళ్లని ఒకే గదిలో పెడితే రాత్రికి తలలు పగులుతాయి, కాబట్టి వీళ్లకొక గది, వాళ్లకొక గది. ఇవన్నీ పోనూ మిగిలిన గదిలో మిగతావాళ్లందర్నీ కుక్కాల్సిందే. పైకి పంపే లెక్కల్లో జైలు నిండుగా ఉందని ఉంటుంది, ఆ గదిలో మాత్రం రెండింతల మంది ఉంటారు.

రాసుకున్న నియమాలు బాగానే ఉన్నాయి. కేంద్రం రాష్ట్రాలకు నమూనాగా ఇచ్చిన 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ ప్రకారం బ్యారక్‌లో 20 మందికి మించి ఉండకూడదు, పడుకునే చోట మనిషికి 3.71 చదరపు మీటర్లు ఉండాలి, రాత్రిపూట పదిమందికి ఒక మరుగుదొడ్డి, పగలు వాడుకునేవి ఆరుగురికి ఒకటి, మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లు. మే నెలలో 135 లీటర్లు మన ఊళ్లలో బయట ఇళ్లకే రావు, లోపల సంగతి ఇక చెప్పేదేముంది. సాయంత్రం లెక్క చూసి తాళం వేస్తే మళ్లీ తీసేది పొద్దునే. పగలంతా కాగిన కాంక్రీటు కప్పు కింద, కిటికీలు పైన చిన్నవి, ఫ్యాన్ తిరుగుతున్నా వేడి గాలే. ఖైదీలనే కాదు, బయట కాపలా ఉండే వార్డర్‌ని కూడా ఆలోచించండి. ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా మనిషి ఉండాలన్నది పుస్తకంలోని లెక్క. ఒక్కడే రాత్రంతా మూడు గదులు చూసుకున్న రోజులు నాకు తెలుసు. లోపల ఒకడికి గుండెనొప్పి వస్తే తలుపు తీయాలంటే భయం, తీయకపోతే ప్రాణం పోతుంది.

కాబట్టి నా మాట, కట్టాల్సిందే. మరీ పెద్ద జైలు కాకపోయినా కొత్త జిల్లా కేంద్రాల్లో సరైన జిల్లా జైలు ఉండాలి, డాక్టరు గది, ఆడవాళ్లకు విడిగా ఆవరణ, బోరు, ఆరుబయట తిరగడానికి కాస్త స్థలం. పాతవాటిని ముందు రిపేరు చేయాలి, మరుగుదొడ్లు పెంచడానికి కోట్లు అక్కర్లేదు.


హిందూపురం మిత్ర:

నా మాట కొందరికి నచ్చదు, అయినా చెప్తాను. పోయినేడు మా ఇంట్లో దొంగలు పడ్డారు, మా అమ్మ పుస్తెలతాడు పోయింది, ఈ రోజుకీ దొరకలేదు. ప్రభుత్వాసుపత్రిలో ఒక మంచం మీద ఇద్దరు పేషెంట్లు పడుకుంటున్నారు, పిల్లల హాస్టళ్లలో బాత్రూంలు లేవు. ముందు వాటికి డబ్బు పెట్టకుండా జైల్లో ఉన్నవాళ్లకు సౌకర్యాలు అంటే బాధితులు ఏమనుకోవాలి? తప్పు చేసినవాడికి కాస్త కష్టం తెలియాలి కదా.


అనంత అడ్వకేట్:

హిందూపురం బ్రదర్, మీ బాధ అర్థమైంది, పుస్తెలతాడు పోతే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో తెలుసు. కానీ మీరు అనే శిక్ష ఇంకా పడనివాళ్లే లోపల ఎక్కువ. దేశం మొత్తం లెక్క చూడండి. ఎన్‌సీఆర్‌బీ (దేశంలో నేరాల లెక్కలు తీసే కేంద్ర సంస్థ) 2022 నివేదికలో జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది, చోటు ఉన్నది 4,36,266 మందికి. అంటే వందమంది ఉండాల్సిన చోట 131 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు, నూటికి 75 మందికి పైనే. మన సబ్ జైళ్లకైతే వచ్చేది ప్రధానంగా రిమాండ్‌వాళ్లే. రేపు నిర్దోషి అని కోర్టు చెప్పబోయేవాడు కూడా ఈ రాత్రి ఆ మరుగుదొడ్డి పక్కనే పడుకుంటాడు. వాడికి తెలియాల్సిన కష్టం అంటూ ఏముంది?

ఇక పాత వార్డర్ గారికి. సార్, మీరు చెప్పిన గదుల లెక్క నూటికి నూరు పాళ్లు నిజం. కానీ గదులు పెంచితే సమస్య తీరుతుందని నేను అనుకోను. జైల్లోకి వచ్చే దారి వెడల్పుగా ఉండి, బయటికి పోయే దారి ఇరుకుగా ఉన్నంతకాలం ఎన్ని గదులు కట్టినా నిండుతాయి. నేను రోజూ చూసేది ఆ బయటికి పోయే దారినే.

బెయిల్ రాదని లోపల ఉన్నవాళ్లు కొందరు. బెయిల్ వచ్చి కూడా లోపలే ఉన్నవాళ్లు ఇంకొందరు, నాకు కడుపు మండేది వీళ్ల గురించే. ఇద్దరు జామీనుదారులు, ఒక్కొక్కరు పదివేలకో ఇరవైవేలకో పూచీ అని ఆర్డర్ వస్తుంది. జామీను నిలబడేవాడికి సొంత ఇల్లో పొలమో ఉండాలి, పన్ను రసీదు తేవాలి, అంత ఆస్తి ఉందని చూపే సాల్వెన్సీ సర్టిఫికెట్‌కి తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగాలి, ఆ రోజు కూలి పోగొట్టుకుని కోర్టు వరండాలో సాయంత్రం దాకా కూర్చోవాలి. కూలివాడి కోసం ఇదంతా చేసే చుట్టం ఎవరుంటారు? కడప వైపు ఎర్రచందనం కేసుల్లో దొరికే తమిళనాడు కూలీల సంగతి ఇంకా దారుణం. వాళ్లకు ఈ జిల్లాలో ఒక్క మనిషి తెలీదు, భాష రాదు, ఇక్కడ ఇల్లున్న జామీనుదారుణ్ణి యాడనుంచి తెస్తారు? దుంగలు కొనే పెద్దమనిషి ఒక్కడూ వాళ్ల పక్కన పడుకుని ఉండడు. 1978లోనే మోతీరాం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఒక తాపీమేస్త్రీ విషయంలో తేల్చి చెప్పారు, పేదవాడికి పదివేల జామీను అడగడం అన్యాయమని, జామీనుదారుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిప్పి పంపకూడదని. ఇన్నేళ్లయినా కొన్నిచోట్ల లోకల్ ష్యూరిటీ, అంటే ఈ ఊరి జామీనుదారుడే కావాలనే మాట వినిపిస్తూనే ఉంది.

అరెస్టు దగ్గర కూడా చూడాలి. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అవసరం ఉంటేనే అరెస్టు చేయాలి, లేకపోతే నోటీసు ఇచ్చి పిలిపించాలి. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు ఇది, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 35వ సెక్షన్‌లో ఉంది. రిమాండ్ అడిగిన ప్రతిసారీ మేజిస్ట్రేట్ దగ్గర ఈ ప్రశ్న గట్టిగా వేసే లాయర్ ఉంటే సబ్ జైలు సగం తేలికపడుతుందని నా నమ్మకం.


పెన్నాతీరం (కడప):

సార్, చాలా థ్యాంక్స్. మావాడికి ఇంకా బెయిల్ రాలేదు, ఛార్జిషీట్ కూడా వేయలేదు. మేము పెట్టుకున్న లాయర్ ఫోన్ ఎత్తడు. డబ్బు అడిగినప్పుడే దొరుకుతాడు. ఇట్లా ఎంతకాలం పెట్టొచ్చు?


అనంత అడ్వకేట్:

అక్కా, కేసు కాగితాలు చూడకుండా గట్టిగా చెప్పలేను, కానీ రెండు విషయాలు రాసి పెట్టుకోండి. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే కేసైతే 90 రోజులు, మిగతావాటికి 60 రోజులు. ఆలోపు పోలీసులు ఛార్జిషీట్ వేయకపోతే బెయిల్ మీ హక్కు. అయితే అది దానంతట అదే రాదు, గడువు దాటిన వెంటనే, వాళ్లు ఛార్జిషీట్ వేయకముందే పిటిషన్ వేయాలి. ఒక్కరోజు ఆలస్యమై ఈలోపు ఛార్జిషీట్ పడిందా, ఆ హక్కు పోయినట్టే. రోజులు లెక్కపెట్టేది అరెస్టు చేసిన తేదీ నుంచి కాదు, మేజిస్ట్రేట్ రిమాండ్ ఇచ్చిన తేదీ నుంచి.

రెండోది బీఎన్‌ఎస్‌ఎస్ 479. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు రిమాండ్‌లోనే గడిపేస్తే కోర్టు వదలాలి. మిగతావాళ్లకు సగం. మూడేళ్ల శిక్ష ఉన్న మామూలు దొంగతనం కేసైతే, మొదటిసారి వచ్చినవాడికి ఏడాది. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు, ఒకటికి మించి కేసులు నడుస్తుంటే కూడా చిక్కే. ఈ సెక్షన్‌లో మంచి విషయం ఏంటంటే కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్ మీదే పెట్టారు. ఈ చట్టం అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందు నుంచి లోపల ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.


హ్యూస్టన్‌లో సీమవాడు:

మాది ఆదోని, ఇక్కడ హ్యూస్టన్‌లో ఉంటున్నాను. కట్టాలా వద్దా అన్న ప్రశ్న ఇక్కడ కూడా ఉంది కాబట్టి రాస్తున్నా. మాది హారిస్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), జనం ఏటేటా పెరుగుతున్నారు. కౌంటీ జైలు పెద్ద పెద్ద బిల్డింగులు, ఏసీ, డాక్టర్లు అన్నీ ఉన్నాయి. అయినా చోటు చాలక ఖైదీలను పక్క రాష్ట్రాలు లూసియానా, మిసిసిపీలో ప్రైవేటు జైళ్లకు డబ్బు కట్టి పంపారు. టెక్సస్ రూల్ ప్రకారం 48 మంది ఖైదీలకు ఒక ఆఫీసర్ ఉండాలి, ఆ ఉద్యోగాలకు మనుషులు దొరక్కపోతే మంచాలు ఉన్నా వాడుకోవడానికి లేదు. పాత వార్డర్ గారు చెప్పిన కథే ఇక్కడా.

చిన్న నేరాల్లో బెయిల్ డబ్బు కట్టలేనివాళ్లను లోపల పెట్టడం మీద ఇక్కడ 2016లో కోర్టులో కేసు వేశారు, 2019లో కౌంటీ ఒప్పుకుంది, ఆ తర్వాత చాలావరకు చిన్న కేసుల్లో డబ్బు కట్టకుండానే వదిలారు. కానీ జైలు ఖాళీ కాలేదు. పెద్ద కేసులు పేరుకుపోయాయి. 2017లో హార్వీ తుపాను వరద క్రిమినల్ కోర్టు బిల్డింగ్‌లోకి వచ్చి పాడుచేస్తే విచారణలు వెనకబడ్డాయి, ఆ తర్వాత కరోనా. కోర్టు ఆగితే జైలు నిండుతుందని అప్పుడు అర్థమైంది. అందుకే మన దగ్గర కొత్త జైలు అడిగేవాళ్లు దాంతోపాటు కొత్త కోర్టులు, ఖాళీగా ఉన్న జడ్జి పోస్టులు, ఫోరెన్సిక్ రిపోర్టులు త్వరగా రావడం కూడా అడగాలి. ఉత్తి గోడలు కట్టించుకుని సంతోషపడితే లాభం లేదు.


పాత వార్డర్ (రిటైర్డ్):

బాబూ, అది ఒప్పుకుంటాను. వాయిదాకి తీసుకుపోవడానికి ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసు) ఎస్కార్ట్ రాలేదని ఎన్ని వాయిదాలు పోయాయో. ఇప్పుడు వీడియోలోనే రిమాండ్ పొడిగిస్తున్నారు, ఎస్కార్ట్ బాధ తగ్గింది, కానీ కోర్టు దగ్గర భార్యాపిల్లల్ని చూసుకునే ఆ కాస్త అవకాశం కూడా పోయింది. అడ్వకేట్ గారూ, అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో ఓపెన్ ఎయిర్ జైలు ఉంది కదా, పొలాల్లో పనిచేసుకుంటూ ఉంటారు, అలాంటివి పెంచితే మంచిదే, కానీ అక్కడికి పోయేది శిక్ష పడి మంచి నడవడిక ఉన్నవాళ్లే. సబ్ జైల్లో రిమాండ్‌వాళ్లకు దానివల్ల ఒరిగేది లేదు. వాళ్లకు ఈ రోజు కావాల్సింది నీళ్లు, దొడ్లు, చర్మవ్యాధుల డాక్టరు.


తుంగభద్ర వాలంటీర్ (కర్నూలు):

నేను పేదలకు ఉచిత న్యాయసాయం చేసే జిల్లా లీగల్ సర్వీసెస్ సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీర్‌గా జైలుకి వెళ్తుంటాను. పెన్నాతీరం అక్కా, మీ లాయర్ ఫోన్ ఎత్తకపోతే అతని మీదే ఆధారపడి కూర్చోవద్దు. కస్టడీలో ఉన్న ప్రతి ఒక్కరికీ, ఆస్తి ఎంతున్నా సరే, ఉచిత లాయర్ ఇవ్వాలని 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలో ఆఫీసు ఉంటుంది, లేదంటే 15100కి ఫోన్ చేయండి. మీ తమ్ముడు లోపలి నుంచి కూడా కాగితం రాసి ఇవ్వొచ్చు, జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది.

బెయిల్ వచ్చాక జామీను దొరక్కపోతే కంగారు పడొద్దు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ఉన్నాయి. బెయిల్ వచ్చి ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ మా లీగల్ సర్వీసెస్ సెక్రటరీకి తెలపాలి. నెల దాటినా జామీను కట్టలేకపోతే షరతులు తగ్గించాలా అని కోర్టు తనంతట తానే చూడొచ్చు. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం పెట్టింది, బెయిల్ పూచీకి అప్పట్లో 40,000 రూపాయల దాకా సాయం అని పెట్టారు. గంజాయి కేసులకు అది రాదు. ఈ పథకం సంగతి జైల్లో ఉన్నవాళ్లలో చాలామందికి తెలీదు, అసలు తెలియాల్సింది వాళ్లకే. నేను పోయిన ప్రతిసారీ బ్యారక్ ముందు నిలబడి బిగ్గరగా చదువుతాను. చదవడం రానివాళ్లు పక్కవాళ్లతో మళ్లీ చెప్పించుకుంటారు.

ఆడవాళ్ల గురించి ఎవరూ ఎక్కువ రాయలేదు. సబ్ జైల్లో ఒకరో ఇద్దరో ఉంటారు, ఆ గది దాటి తిరగడానికి ఉండదు. చూడటానికి వచ్చేవాళ్లూ తక్కువ, మొగుడు లోపలుంటే భార్య క్యారియర్ పట్టుకుని వస్తుంది, భార్య లోపలుంటే ఎవరూ రారు. శానిటరీ ప్యాడ్లు అడగడానికి సిగ్గుపడి పాత గుడ్డలతో నెట్టుకొచ్చేవాళ్లను చూశాను. ఆరేళ్ల లోపు పిల్లలు తల్లితో లోపల ఉండొచ్చు, కానీ పాలు, ఆటవస్తువు, టీకా ఇవన్నీ ఎవరో ఒకరు గుర్తుచేస్తేనే. కొత్త జైలు కడితే ముందు వీళ్ల ఆవరణ గీసి ఆ తర్వాత మిగతాది గీయాలని నా కోరిక.

అర్జీ మాటకొస్తే, ఎమ్మెల్యేకి ఇవ్వండి, తప్పులేదు. దానికంటే ముందు పది రూపాయల ఫీజుతో ఆర్‌టీఐ వేయండి. మీ సబ్ జైలు కెపాసిటీ ఎంత, పోయిన ఆరు నెలల్లో ప్రతి నెలా చివరి రోజున ఎంతమంది ఉన్నారు, వాళ్లలో బెయిల్ వచ్చి కూడా బయటికి రానివాళ్లు ఎందరు, మరుగుదొడ్లు ఎన్ని, డాక్టరు ఎన్నిసార్లు వచ్చారు అని విడివిడిగా అడగండి. ఆ కాగితం చేతికొచ్చాక ఒక కాపీ జిల్లా జడ్జి గారికి పంపండి. విచారణ ఖైదీల రివ్యూ కమిటీకి ఆయనే అధ్యక్షుడు, కలెక్టర్, ఎస్పీ అందులో సభ్యులు. అంకెలతో వచ్చిన అర్జీని పక్కన పడేయడం వాళ్లకు కష్టం. గజ్జి విషయం మాత్రం అంతదాకా ఆగొద్దు, రేపే సూపరింటెండెంట్ పేరు మీద ఒక కాగితం రాసి, బ్యారక్‌లో అందరికీ ఒకేసారి మందు ఇచ్చి దుప్పట్లు ఉడకబెట్టించమని అడగండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.